కరెంటు లెక్కలు

మా తమిళనాట కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది. ఇది సంసారులందరికీ తెలిసినదే. కాని 500 యూనిట్ల గీత సంగతి చాలామంది ఎరుగరు. 2022 సెప్టెంబరులో ధరలు పెరిగినప్పుడు, సరిగ్గా 500 వాడిన యింటికి 1,725 రూపాయలు. 501 అయితే 1,958! ఒక్క యూనిటుకు 233 రూపాయలన్నమాట. గీత దాటితే, మొదటి నూరు పోగా రెండవ నూరుకు అప్పుడు దొరికిన 2.25 చౌక ధర పోయి 4.50 పడేది గదా.

రాయవేలూరు యెండ చదువరులకు చెప్పవలెనా? 2023 వేసవిలో మేము రాత్రి పదికి ఏసీ వేసి రెండుకు ఆపేవారము. వారానికొకసారి మీటరు చూచి క్యాలెండరు మీద వ్రాసుకొనేవారము. మా యింటావిడ దానికి “ఆఫీసు ఫైలు” అని పేరు పెట్టింది.

గుడియాత్తంలో ఒంటరిగా ఉన్న మా అమ్మగారిది వేరు కథ. పాత యిల్లు, ఒక ఫాను, రెండు దీపాలు. 75 వాట్ల ఫాను రోజుకు పదిగంటలు తిరిగినా రెండు నెలలకు 45 యూనిట్లే. మొదటి నూరు యూనిట్లను 2016లోనే ఉచితం చేశారు. ఆమె బిల్లు ఎప్పుడూ సున్నాయే. అయినా ఆ మే నెల గంగమ్మ సిరసు పండుగకు వెళ్లి చూస్తే, మిట్టమధ్యాహ్నం ఫాను ఆపి విసనకర్రతో కూర్చొని ఉన్నది. డెబ్బది తొమ్మిదేండ్ల మనిషి! మాకు గుండె జల్లుమన్నది.

“ఊరక వచ్చిందని పారబోస్తామా, నాయనా?” అన్నది.

కాగితం మీద లెక్క వేసి చూపించాము. నమ్మలేదు. చివరకు మా చిన్నది, “ఫాను తిరక్కపోతే నేను రాను అవ్వా” అన్నది. ఆ లెక్క కుదిరింది. ఇప్పుడు మధ్యాహ్నం ఫోను చేస్తే ముందు ఫాను చప్పుడు, తర్వాత అమ్మ గొంతు వినబడుతున్నవి.