ముక్కు దగ్గర పెట్టే ఆ డబ్బా!

షూటింగ్ స్టిల్స్ శ్రద్ధగా చూసే అలవాటున్న పాఠకులు ఈ దృశ్యం గమనించే వుంటారు. హీరోయిన్ మేకప్ సరిచేసుకుని నిలబడి వుంటుంది. డైరెక్టరుగారు కాగితాలు చేతబట్టుకుని ఏదో చెబుతూ వుంటారు. ఇంతలో మెడలో తాడు, ఆ తాడుకు అరచేతిలో ఇమిడే ఒక డబ్బా వేలాడేసుకుని కెమెరామన్ వస్తాడు. డబ్బా మీద తెల్లటి సగం బంతి. దాన్ని తిన్నగా తీసుకెళ్లి హీరోయిన్ ముక్కు దగ్గర పెడతాడు. ఒక్క క్షణం చూస్తాడు. వెనక్కి తిరిగి అసిస్టెంటుకు ఒక అంకె చెబుతాడు. అంతే!

చిన్నతనంలో నేను దాన్ని జ్వరం చూసే మిషన్ అనుకునేవాణ్ణి. పాపం, ఆరోగ్యం బాగాలేకపోయినా నటిస్తోంది కాబోలు అని జాలిపడేవాణ్ణి కూడా! అది లైట్ మీటరనీ, కొలిచేది జ్వరాన్ని కాదు వెలుతురుననీ తర్వాత తెలిసింది. పేరయితే తెలిసింది గానీ, దాని విలువ తెలియడానికి మాత్రం ఒక ఫిల్మ్ రోలు తగలేసుకోవాల్సి వచ్చింది. ఆ కథే ఇది.

డేరా లేదు, మిషన్ వుంది

రెండేళ్ల క్రితం టూరింగ్ టాకీసుల మీద ఒక వ్యాసం రాయమని ఒక పత్రిక అడిగింది. ఫొటోలు కూడా మీరే తేవాలన్నారు. వెతగ్గా వెతగ్గా కంగ్టిలో ఒక పాత ఆపరేటర్ వున్నాడని తెలిసింది. హైదరాబాదులో బస్సెక్కి సంగారెడ్డి, జోగిపేట, నారాయణఖేడ్ మీదుగా వెళ్లాను. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర దగ్గరగా వున్న వూరు. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. చుట్టూ నల్లరేగడి, దాని మీద జొన్న, కంది.

ఆపరేటర్ తాత ఒకప్పుడు ఆ చుట్టుపక్కల జాతరలకూ సంతలకూ డేరాతో పాటు తిరిగినవాడు. డేరా ఎప్పుడో చిరిగిపోయింది. 2010 తర్వాత నాలుగైదేళ్లకే పట్నం థియేటర్లలో కూడా రీళ్లు పోయి డిజిటల్ వచ్చింది. కానీ తాత మాత్రం ప్రొజెక్టరును అమ్మలేదు. ఇంటి వెనక రేకుల కొట్టంలో, గోనెసంచి కప్పి, ఆవును కట్టేసినట్టు కట్టేసి వుంచాడు. సంచి తీసి, తలపాగా కొంగుతో లెన్సు తుడిచి, “ఇగ తీస్కో బిడ్డా” అని పక్కన నిలబడ్డాడు.

బతుకంతా ఫిల్ము తిప్పినవాణ్ణి ఫిల్ము మీదే తీయాలని నా పట్టుదల. చేతిలో మీటరు చెడిపోయిన పాత కెమెరా, అందులో 400 స్పీడు బ్లాక్ అండ్ వైట్ రోలు, జేబులో ఫోను. ఫోనులో వెలుతురు కొలిచే యాప్ వుంది కదా అని ధీమా! ఫోను తాతకేసి చూపించాను. 1/250, ఎఫ్/5.6 అంది. అలాగే పెట్టి, కొట్టంలో 22 ఫ్రేములు తీశాను. మిగతా 14 బయట వేపచెట్టు కింద.

హైదరాబాదులో ల్యాబు కుర్రాడు నెగటివ్ పైకెత్తి చూపించాడు. వేపచెట్టు కింద తీసినవి బాగానే వున్నాయి. కొట్టంలో తీసిన 22 మాత్రం గాజుపలకల్లా తేటగా వున్నాయి. తేటగా వుంటే మంచిదే కదా అనుకునేరు! నెగటివ్ తేటగా వుందంటే దాని మీద వెలుతురు పడలేదని అర్థం. ప్రొజెక్టరూ లేదు, తాతా లేడు. తలుపు సందు ఒక్కటే తళతళ మెరుస్తోంది. వ్యాసం ఫొటో లేకుండానే అచ్చయింది.

తప్పు ఎవరిది?

తప్పు ఫోనుది కాదు, అడిగినవాడిది. తాత వెనక తలుపు తెరిచి వుంది. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. నేను అడిగిన ప్రశ్న “ఈ మొత్తం చోట ఎంత వెలుతురు కనబడుతోంది?” అని. అది ఎండనూ చీకటినీ కలిపి సగటు చెప్పింది. తాత ముఖానికి నిజంగా కావలసింది 1/60, ఎఫ్/2.8 దగ్గర. అంటే నాలుగు స్టాపుల తేడా. ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది కనుక, కావలసిన దాంట్లో పదహారో వంతు మాత్రమే ఫిల్ముకు అందింది.

దీని వెనక ఇంకొక సంగతి వుంది. వస్తువు మీద నుంచి తిరిగివచ్చే వెలుతురును కొలిచే ఏ మీటరుకైనా తెలుపూ నలుపూ తెలియవు. లోకమంతా దాదాపు 18 శాతం వెలుతురు తిప్పికొట్టే నడిమి బూడిదరంగులో వుందని దాని నమ్మకం. తెల్లధోవతి చూపిస్తే “అబ్బో, ఎంత వెలుతురో!” అని తగ్గించి చెబుతుంది, ధోవతి బూడిదరంగుకు తిరుగుతుంది. నల్లరేగడి చూపిస్తే “అయ్యో, చీకటి!” అని పెంచి చెబుతుంది, నల్లనేల వెలిసిపోతుంది. నల్లరేగడి చేలో తెల్లధోవతి కట్టుకున్న రైతును నిలబెట్టండి. ఎటు చూపిస్తే అటు పప్పులో కాలే!

ఇప్పుడు హీరోయిన్ ముక్కు దగ్గరికి రండి. ఆ తెల్లటి సగం బంతి, ముఖం మీద నుంచి వచ్చే వెలుతురును కాదు, ముఖం మీద పడే వెలుతురును కొలుస్తుంది. చీర తెల్లదా నల్లదా, వెనక గోడ ఎలా వుంది అన్న పేచీ దానికి లేదు. వెస్టన్ కంపెనీ సెలీనియం మీటరు 1932లో బజారుకు వచ్చింది. కానీ ఈ సగం బంతి ఆలోచన డాన్ నార్వుడ్ అనే అమెరికన్‌ది. ఆ వంశంలోదే జపాన్ సెకోనిక్ వారి స్టూడియో డీలక్స్. మెడలో వేలాడే మీటర్లలో చాలా పేరున్నది.

‘ముత్యాలముగ్గు’ (1975)కు ఇషాన్ ఆర్య జాతీయ అవార్డు అందుకున్నాడు. మన పాత మెదక్ జిల్లా మంగళపర్తిలో గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1979) తీశాడు. పల్లెల్లో ఎండనూ నీడనూ పట్టుకున్న అలాంటి సినిమాలు ఈసారి చూసేటప్పుడు, అరుగు మీద కూర్చున్న మనిషి ముఖాన్నీ, వాడి వెనక ఎండనూ పోల్చి చూడండి. ముఖం దక్కాలా, ఎండ దక్కాలా అన్నది ఎవరో ఒకరు తేల్చుకోక తప్పదు. తేల్చుకోవడానికి ముందు కొలవాలి.

సంతలో ఎద్దును చూసినట్టు

సరే, మీటరు కొనాలి. ఎందుకింత పట్టుదల అంటారా? ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము వున్న రోజులు పోయాయి. ఇప్పుడు రోలు పైదేశం నుంచి రావాలి. కొనడం, కడిగించడం, స్కానింగు అన్నీ కలిపితే వెయ్యి రూపాయలు సులువుగా దాటుతుంది. పది రోళ్లు పాడయ్యేలోపల మీటరు ఖర్చు వచ్చేస్తుంది. అయితే కొత్త డిజిటల్ మీటర్లు పదిహేను వేలకు పైమాటే. నా బోటి విలేఖరి గుండె ఆగే ధర! కెమెరా నెత్తిన తగిలించే బుల్లి మీటర్లు వాటికంటే చాలా చవకే గానీ, అవీ ఎదురుగా కనిపించేదాన్నే కొలుస్తాయి. నా రోగానికి ఆ మందు పనికిరాదు.

మొదట జుమ్మెరాత్ బజారుకు వెళ్లాను. జుమ్మెరాత్ అంటే గురువారం. హైదరాబాదులో పాత సామాన్లకు పెట్టింది పేరు. నాలుగు వందలకు ఒక పాత సెలీనియం మీటరు దొరికింది. ఎండలో ముల్లు చెంగున లేచింది. గంతులేస్తూ ఇంటికొచ్చాను. గదిలో చూస్తే ముల్లు పడుకుంది, మరి లేవలేదు. సెలీనియానికి బ్యాటరీ అక్కర్లేదు, అది దాని గొప్ప. ఏళ్లు గడిచిన కొద్దీ, తేమ తగిలిన కొద్దీ నీరసిస్తుంది, అది దాని జబ్బు. ఎండ ఒక్కటే చూసి కొన్నది నేనే కనుక, అమ్మినవాణ్ణి ఏమనగలను?

ఆ దెబ్బతో నేర్చుకున్నవి చెబుతాను, రాసిపెట్టుకోండి. సెల్లు మీద అరచెయ్యి మూస్తే ముల్లు సున్నాకు రావాలి. చెయ్యి మెల్లగా తీస్తే ఎక్కడా తట్టుకోకుండా లేవాలి. పాత సి.డి.ఎస్. రకం మీటర్లయితే చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి. అది ఇప్పుడు దొరకదు. 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పుతుంది. చెవిటి మిషన్లలో వేసే 1.4 వోల్టుల గుండీ బ్యాటరీతో కొంత గట్టెక్కవచ్చు. డయలు మీద ఏ అంకెలున్నాయో చూడండి. ఎ.ఎస్.ఎ. అంటే ఇప్పటి ఐ.ఎస్.ఓ.యే. పాత వెస్టన్ల మీద వాళ్ల సొంత అంకెలు, పాత రష్యన్ లెనిన్‌గ్రాడ్‌ల మీద ‘గోస్ట్’ అంకెలు వుంటాయి. అవి కాస్త వేరు.

అన్నిటికంటే ముఖ్యం, మూడు వెలుతురుల్లో చూడడం. నడినెత్తి ఎండలో, చెట్టు నీడలో, ఇంటి లోపల. ఎండకు పాత సూత్రం వుంది కదా! ఎఫ్/16 పెట్టి, ఫిల్ము స్పీడు ఎంతో షట్టరు అందులో ఒకటో వంతు. అంటే 400 ఫిల్ముకు 1/400 దరిదాపుల్లో, కెమెరాలో 1/500. నీడలోనూ ఇంట్లోనూ మీటరు బాగున్న ఎవరి కెమెరాతోనైనా పోల్చి చూడండి. మూడుచోట్లా ఒకే స్టాపు తేడా వస్తే బెంగలేదు, కొనెయ్యండి. ఎండలో ఒక తేడా, ఇంట్లో ఇంకో తేడా వస్తే దండం పెట్టి వదిలెయ్యండి. ఎప్పుడూ ఒకే అబద్ధం చెప్పేవాడితో కాపురం చెయ్యొచ్చు గానీ, పూటకో అబద్ధం చెప్పేవాడితో చెయ్యలేం కదా!

చివరికి నా మీటరు పట్నంలో కాదు, నారాయణఖేడ్‌లోనే దొరికింది. పెళ్లిళ్లు ఫిల్ము మీద తీసిన రోజుల్లో స్టూడియో నడిపిన ఒక పెద్దమనిషి సొరుగులోంచి స్టూడియో డీలక్స్ తీశాడు. “ఇప్పుడెవలు అడుగుతున్నరు తమ్మీ దీన్ని” అని రెండున్నర వేలకు ఇచ్చాడు. మూడుచోట్లా చూశాను. అన్నిచోట్లా ఒక స్టాపు తక్కువ వెలుతురు చూపింది. కనుక 400 ఫిల్ము వేసినప్పుడు డయలు 800 దగ్గర పెట్టుకుంటాను, లెక్క సరిపోతుంది. ఎండలో కొలిచేటప్పుడు దూర్చే చిల్లుల రేకు ఒకటి వుంటుంది దానికి. అది పోయిందా, ముల్లు ఎండకు చివరికంటా పోయి కొట్టుకుంటుంది. పాతది కొనేవాళ్లు ఆ రేకు అడిగి మరీ తీసుకోవాలి.

డబ్బుల్లేవా? కొన్నాళ్లు ఫోను యాప్‌తోనే కానివ్వండి. కానీ మనిషి ఏ వెలుతురులో వున్నాడో అదే వెలుతురులో మీ అరచెయ్యి పెట్టి, దాన్ని మాత్రమే కొలిచి, ఒక స్టాపు పెంచండి. అరచెయ్యి నడిమి బూడిదరంగు కంటే సుమారు ఒక స్టాపు తెలుపు. ఈ మీటరుకు బ్యాటరీ లేదు, ధర లేదు!

మళ్లీ కొట్టంలోకి

మీటరు మెడలో వేసుకుని అదే రోజు కంగ్టి బస్సెక్కాను. మొదటిసారి వెళ్లి అప్పటికి ఏడు నెలలు. తాత గుర్తుపట్టాడు. కొట్టం తలుపు తీశాడు. గోనెసంచి మడతపెట్టి మూలన వుంది. మిషన్ లేదు.

“గాలివానకు ఇంటి రేకులు లేసిపోయినయ్ బిడ్డా. కొత్త రేకులకు పైసల్ గావాలె. పాత ఇనుప సామాన్ల బండి వచ్చింది. కిలోల లెక్క జోకి తీస్కపోయిండు” అన్నాడు.

నేల మీద నాలుగు బోల్టుల గుంతలు మిగిలాయి. నాకు మాట రాలేదు. ఆ మిషన్‌ను కెమెరాతో తీసినవాణ్ణి నేనే. తీసీ తీయనట్టయిందీ నావల్లే. ఇంట్లో వేరే ఫొటో ఏదైనా వుందా అని అడిగాను. లేదన్నాడు.

తాతను అదే చోట, ఆ నాలుగు గుంతల పక్కన నిలబెట్టాను. వెనక అదే తలుపు, అదే ఎండ. మీటరు గడ్డం దగ్గర పెట్టి, తెల్లబంతి కెమెరావైపు తిప్పాను.

“గిదేంది, నా మూతికాడ వెట్టినవ్?”

“వెలుతురు కొలుస్తున్న తాతా.”

“వెలుతురు కొల్వనీకి గూడ మిషినొచ్చిందా!” అని బోసినోటితో నవ్వాడు. “రెండు కార్బన్ కడ్డీలు కాలుతుంటే వాటి నడుమ సందు సూసుకుంటనే ఉండాలె. జర ఎక్కువైతే తెర మీద ఎన్టీఆర్ మబ్బు పడుతుండె. కంటితోనే జరుపుకుంటుంటిమి.”

ముల్లు ఆగింది. 1/60, ఎఫ్/2.8. ఈసారి నాలుగే ఫ్రేములు తీశాను. నాలుగూ వచ్చాయి. తాత కంటి చుట్టూ ముడతలు లెక్కపెట్టవచ్చు. గోనెసంచి నేత కూడా తెలుస్తోంది. తలుపులోంచి ఎండ కాస్త ఎక్కువే వచ్చింది, రానీ. ప్రింటు వేయించి పంపితే గోడకు తగిలించాడట.

మొదటి రోలులోని ఆ 22 ఫ్రేములు నేను పారేయలేదు. పాఠకుల్లో ఎవరైనా కెమెరా భుజాన వేసుకుని, తాతనో, మూతపడుతున్న థియేటరునో తీయడానికి బయలుదేరుతుంటే ఒక్క మాట. ఖరీదైన లెన్సు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు ఒక చవక మీటరు సంపాదించండి, లేదా అరచెయ్యి వాడడం నేర్చుకోండి. ఆ మనిషి దాకా నడిచి వెళ్లి, ముక్కు దగ్గర కొలవండి. మిషన్లు ఏడు నెలలు ఆగవు!