తడిజుట్టుకి దువ్వెనా?

మా పాప ఇంటర్ బైపీసీ. కాలేజీ మైక్రోస్కోపులో తన వెంట్రుకనే పెట్టి చూసిందట. "ఏటమ్మా ఇది, కొస అరిగిన చీపురులా చిట్లిపోయింది!" అంది. నాకు గుండె కలుక్కుమంది. శుక్రవారం తలంటి, బస్సు వేళైపోతోందని తడిజుట్టునే బరబరా దువ్వి జడేసేది నేనే కదండీ!

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. తడిస్తే వెంట్రుక ఉబ్బి బలం తగ్గుతుంది. అప్పుడు లాగితే పొలుసులు లేచిపోతాయి. చిట్లిన కొస మళ్ళీ అతుక్కోదు.

అత్తగారు సణిగినా తలంటు ఆదివారానికి మార్చాను. ముందురోజు రాత్రే ఉద్దానం కొబ్బరినూనె పట్టిస్తాను. అది లోపలికి ఇంకి ఆ ఉబ్బు తగ్గిస్తుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఆరాక, పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తాను.

మొన్న రెండంగుళాలు కత్తిరించాను. పాప నవ్వింది, నేనే ఏడ్చాను.