ముల్లుకు రోడ్డు కనపడదు

కోతలయ్యాక మండపేట, రామచంద్రపురం వైపు వెళ్తే కాలవ గట్టు మీద ఎదురొచ్చే బండి చాలాసార్లు టాటా 407యే అయ్యుంటుంది. 1986లో వచ్చిన ఈ చిన్న లారీ డెల్టాలో ధాన్యం బస్తాలకీ, కడియం మొక్కలకీ, రొయ్యల ట్రేలకీ సొంత బండి అయిపోయింది. ఎదురైనప్పుడల్లా నా చూపు దాని వెనక టైర్ల మీదికి పోతుంది. జంటల్లో రెండూ సమానంగా ఉన్నాయంటే ఆ బండిని ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారని నాకు నమ్మకం కుదురుతుంది.

టైర్లు అరిగి గుండ్లయ్యాక యజమానికి ఓ ఆలోచన వస్తుంది. ఎలాగూ మార్చాలి కదా, ఒక సైజు పెద్దవి వేయించేద్దామని. 7.50-16 తీసేసి 8.25-16 ఎక్కిస్తారు. బరువుకి ఆగుతాయి, గతుకులు అంతగా తెలియవు, బండి కాస్త ఎత్తు మీద నిలబడుతుంది. ఇవన్నీ నిజమే. అయితే బేరం జరిగేటప్పుడు ధర గురించీ, కంపెనీ గురించీ ఎంత మాట్లాడుకున్నా స్పీడోమీటరు ఊసు మాత్రం రాదు.

ఆ ముల్లుకి రోడ్డు కనపడదు. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి పోయే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో దానికి తెలుసు. ఒక్కో చుట్టుకి బండి ఇంత దూరం పోతుందని తయారైన రోజున పెట్టిన లెక్కే దాని లెక్క. 7.50 టైరు అడ్డకొలత సుమారు 81 సెంటీమీటర్లు, 8.25ది 86 దాకా ఉంటుంది. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఆరు శాతం ఎక్కువ దూరం పోతోంది. ముల్లు 60 దగ్గరున్నా బండి 63, 64 మీద ఉంటుంది. కిలోమీటర్ల మీటరుదీ ఇదే తీరు, వంద నడిస్తే తొంభై నాలుగే చూపిస్తుంది. ‘పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందండీ’ అనే ఫిర్యాదులో కొంత భాగం ఇదే. డీజిలు కాలింది నిజంగా నడిచిన దూరానికి, లెక్క కట్టింది మీటరు చెప్పిన దూరంతో.

పెద్ద లారీల్లో 9.00-20 నుంచి 10.00-20కి మారినా మూడు శాతం పైన తేడా వస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. 2015 అక్టోబరు 1 తర్వాత తయారైన రవాణా వాహనాలకి గంటకు 80 దాటనివ్వని పరికరం ఉండాలన్నది నిబంధన. అది కూడా ఆ చుట్లనే నమ్ముకున్నదైతే 80 అనుకుంటూ బండిని 82, 83 దాకా వదిలేస్తుంది. భీమవరం నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని హౌరా వైపు రాత్రంతా నడిపే డ్రైవరుకి ఆ రెండు మూడు కిలోమీటర్ల సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. బ్రేకు వేసే దూరం అసలు వేగాన్ని బట్టే ఉంటుంది మరి.

అరుగుదల మాత్రం దీనికి తిరగబడి పనిచేస్తుంది. కొత్త లారీ టైరు గాడి లోతు పదిహేను మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. చట్టం ఒప్పుకునేది 1.6 వరకే. అక్కడికి వచ్చేసరికి అడ్డకొలత రెండున్నర సెంటీమీటర్ల పైనే తగ్గి, ముల్లు ఉన్న వేగం కన్నా ఎక్కువ చెబుతుంది. దానివల్ల ప్రమాదం లేదు. తక్కువ చెప్పే ముల్లుతోనే భయమంతా.

రావులపాలెం దగ్గర హైవే పక్కన ఓ షాపులో పెద్దాయన ఒకరు పనిచేస్తుంటే చూశాను. ఇనప రాడ్డుతో జంట టైర్లని ఒక్కొక్కటే తట్టి, చప్పుడు విని, లోపలిది గాలి తగ్గిందన్నాడు. గేజి పెడితే నిజమే. తర్వాత లాకు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చుట్టూ వేలితో తడిమాడు, గాలి పట్టేటప్పుడు ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వలేదు. యజమాని జంటలో ఒక్కటే కొత్తది చాలన్నాడు.

“అలా వెయ్యకూడదండీ బాబూ. కొత్తది బరువు మోస్తది, పాతది ఊరికే ఈడ్చుకుపోద్ది. రెండూ పోతాయండి.”

“మరి ఎనిమిది పాతిక వేస్తేనో?”

“రిమ్ము చూడాలండి. దీని మీద కూర్చోబెడితే లోడేసినప్పుడు రెండిటి బుగ్గలూ రాసుకుంటాయి.”

వేడెక్కి పేలే టైర్లకి ఆ రాపిడీ ఒక కారణమే. సైజు పెంచితే లాగుడు కూడా తగ్గుతుంది. లోడుతో గట్టు మీదికి ఎక్కేటప్పుడు ఇంకో గేరు దించాల్సి వస్తుంది. అందుకే నేనైతే కంపెనీ పుస్తకంలో ఉన్న సైజే వేయించమంటాను. అదే సైజులో మోత గల టైరు అడగొచ్చు. పక్కన 146/143 అని ఉంటే ఒంటి టైరుగా 3000 కిలోలు, జంటలో ఒక్కొక్కటి 2725 కిలోలు మోస్తుందని. కొనేముందు నాలుగంకెల తేదీ కూడా చూసుకోవాలి. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారం సరుకు.

ఇప్పటికే పెద్దవి వేయించినవాళ్లకి పరీక్ష తేలిక. హైవే ఖాళీగా ఉన్నప్పుడు ముల్లుని 60 దగ్గర కదలకుండా నిలిపి, పక్కన కూర్చున్న క్లీనరు చేత అయిదు కిలోమీటర్ల రాళ్లకి టైము పట్టించాలి. సరిగ్గా అయిదు నిమిషాలు రావాలి. 407 మీద 8.25 ఉంటే పదిహేడు సెకన్ల ముందే అయిదో రాయి వచ్చేస్తుంది. అప్పుడు మామూలు లోడుతో బండిని చదునైన చోట నిలిపి, టైరు కింద సుద్దగీత పెట్టి, ఒక్క చుట్టు దొర్లించి, టేపుతో కొలిచి ఆ అంకె మీటరు మెకానిక్‌కి ఇవ్వాలి. కొత్త బండ్లలో కంప్యూటరు పెట్టి సరిచేస్తారు, కేబులుతో నడిచే పాత మీటర్లకి పళ్లచక్రం మార్చాలి. అది దొరికేదాకా డ్రైవరు కళ్లెదుట డ్యాష్‌బోర్డు మీద ఒక చీటీ అంటించండి, 60 అంటే 64 అని.