బ్రాందీ షాపు కంతలో చేతులు

మా అనంతపురంలో వైన్ షాపు అని ఎవరూ అనరు. బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది, నోట్లో మాత్రం 'బ్రాందీ షాపు'. ద్రాక్షతో చేసిన వైన్ పై అరలో దుమ్ము పట్టిన సీసాలు రెండుంటే గొప్ప. కిందంతా క్వార్టర్లు. చవక రకాల్లో ఆ బ్రాందీ కూడా ఎక్కువగా మొలాసిస్ స్పిరిట్‌కు రంగూ వాసనా కలిపిందే.

తాగుడు మంచిదా చెడ్డదా అని రాయడానికి కూర్చోలేదు. అది మా అమ్మకు తెలిసినంత నాకు తెలియదు. అమ్మేవాడికీ తాగేవాడికీ మధ్య ఏముంటుందో రాయాలనుకుంటున్నా. మన సాహిత్యంలో దీనికి చోటు తక్కువ. 'కన్యాశుల్కం'లో సారా దుకాణం రంగం ఉంది. బైరాగి, హవల్దారు అక్కడ వేదాంతం మాట్లాడతారు. క్లాసులో ఆ రంగం చెప్పిన ప్రతిసారీ పిల్లల్ని అడుగుతుంటా: ఈ దుకాణంలోకి మన తాతలొస్తే ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లు?

జవాబు మా అవ్వ చెప్పింది. కూర్చోబెట్టేవాళ్లు కాదు. వంక పొడుగునా ఈత చెట్లుండేవి. కల్లు దించే చోట మాకు గ్లాసు లేదు. టెంకాయ చిప్ప ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, లేదంటే దోసిలి పట్టాలి. పైనుంచి పోసేవాళ్లు. "పులిసిందో తియ్యగుందో మనకు తెలిసేలోపల దోసిలి నిండేది నాయనా" అనేది. రుచి చూసి వద్దనే హక్కు దోసిలికి లేదు. సారాయి సంగతి వేరు. రెండు చుక్కలు అరచేతిలో రుద్ది వాసన చూసేవాళ్లట. అగ్గిపుల్ల గీసి మంట నీలంగా వస్తే బాగున్నట్టు. మావాళ్లకు తెలిసిన టేస్టింగ్ అదీ.

నా దగ్గర ఎమ్మే తెలుగు చదివినవాడు ఒకడు గవర్నమెంటు బ్రాందీ షాపులో సేల్స్‌మన్‌గా చేసినాడు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో షాపులన్నీ ప్రభుత్వం తీసుకుంది కదా, అప్పుడు చేరినాడు. వాడు చెప్పిన మాట నేను మర్చిపోలేను.

"సార్, ఇనుప జాలికి ఒక కంత ఉంటుంది. మొగం సరిగ్గా కనపడదు. చెయ్యి ఒకటే లోపలికొస్తుంది. నేను చేతుల్ని బట్టే మనుషుల్ని గుర్తుపడతా."

సిమెంటుకు తిన్న చేతులు. చెనిక్కాయ చెట్లు పీకి పీకి గోళ్లలో మన్ను పోని చేతులు. ధర్మవరం మగ్గం మీద పనిచేసి వేలి కొసలు గట్టిపడిన చేతులు. బెంగళూరు నుంచి పండగకొచ్చిన చేతికి కొత్త వాచీ. ఒక పెద్దాయన చెయ్యి రోజూ సాయంత్రం వణుకుతా వచ్చేదట, సీసా తగలగానే వణుకు ఆగేదట. నోటు వాడి చేతికివ్వకుండా గట్టు మీద పడేసే చేతులూ ఉండేవి. సీసా కూడా గట్టు మీదే పెట్టాలి. లోపలున్నది ఎవరి కొడుకో తెలిసినవాళ్ల చేతులవి.

ఆ ఐదేళ్లలో తెలిసిన బ్రాండ్లు చాలా మాయమైనాయి, వినని పేర్లు వచ్చినాయి. ధరలు 2020 మేలో రెండు రోజుల్లో 75 శాతం పెరిగినాయి. మాకు పక్కనే బళ్లారి, పావగడ. కర్ణాటక సరుకు సంచుల్లో, బండి సీట్ల కింద వచ్చేది. దొరికితే కేసు. కేసుల్లో ఇరుక్కున్నది తెప్పించుకున్నవాళ్లు కాదు, కూలికి మోసినవాళ్లు. ఆ ఏడాదే ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయినారు.

మరి కొత్త బ్రాండు వస్తే రుచి చూసేదెవరు? లెక్చరరు చూడడు, రైతు చూడడు. ఆరోజు కూలి ఆరోజే చేతిలో పడేవాడు మొదట కొంటాడు. మిగతావాళ్లు మర్నాడు పొద్దున వాడి వాకిట్లోకి వచ్చి అడుగుతారు, "ఎట్లుంది?" అని. నాలుకతో కాదు, మర్నాటి తలతో రుచి చెప్పాలి. మా వాడలు ఒక ప్రభుత్వానికి ఐదేళ్లు ఉచితంగా టేస్టింగ్ చేసిపెట్టినాయని నేనంటే వాడు నవ్వలేదు.

ఎందుకంటే వాడొక పని చేసేవాడు. ఫలానా బ్యాచ్ తాగినవాళ్లకు కళ్లు మండినాయని తెలిస్తే, కంతలో చెయ్యి పెట్టిన మనిషికి మెల్లగా, "మామా, అది వద్దు, ఇది తీసుకో" అనేవాడు. సూపర్‌వైజరు వింటే ఉద్యోగం పోతుంది. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం ఇంటి బాడుగకూ అమ్మ మందులకూ సరి. అయినా చెప్పేవాడు. కొందరికి "ఈ రోజుకు చాలు అన్నా, ఇంటికి పో" అని కూడా. పోయేవాళ్లు తక్కువ. అడిగినందుకు నొచ్చుకున్నవాళ్లు మాత్రం ఎవరూ లేరట.

దొడ్డబళ్లాపురం దగ్గర, మన హిందూపురం నుంచి బెంగళూరు పోయే దారిలో, ద్రాక్ష తోటలున్నాయి. అక్కడ డబ్బు కడితే వైన్ టేస్టింగ్ చేయిస్తారు. స్నేహితులతో ఒకసారి పోయినా. గ్లాసులో కొంచెం పోసి, తిప్పమన్నారు, వాసన చూడమన్నారు, నోట్లో పుక్కిలించమన్నారు. పక్కన ఒక గిన్నె. మింగడం ఇష్టం లేకుంటే దాన్లో ఉమ్మచ్చు. అందరూ సరదాగా ఉమ్మినారు. నా చెయ్యి ఆ గిన్నె మీదికి పోలేదు. పీష్వాల పూనాలో అంటరానివాడు ఉమ్ము నేల మీద పడకుండా మెడకు ముంత కట్టుకుని తిరగాలని అంబేడ్కర్ 'కులనిర్మూలన'లో రాసింది గుర్తొచ్చింది. ఒకరికి ఉమ్మడం కూడా ఒక కళ. మన ముంతకు మాత్రం ఆ పేరు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటుకు పోయినాయి. 3,396 షాపులు, దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని 2 లక్షలు. లాటరీలో పేరు రాకున్నా 2 లక్షలు పోతే పోనీ అనుకోగలిగేవాడే ఆ వరుసలో నిలబడినాడు. తర్వాత గీత కులాలకు పది శాతం షాపులు ఇచ్చినారు. వాళ్ల వృత్తిని సీసా మింగేసింది కాబట్టి అది న్యాయమే. తెలంగాణలో 2021లోనే ఎస్సీలకు పది శాతం, ఎస్టీలకు ఐదు శాతం పెట్టినారు.

"మనం కూడా అడగాలి కదా సార్?" అని విద్యార్థులు అడుగుతున్నారు. నాకు ఆ ప్రశ్న మీద కోపం లేదు. తాగేటప్పుడు మావాడు, అమ్మేటప్పుడు ఇంకొకడు, చచ్చినప్పుడు మళ్లీ మావాడు అయితే లెక్క అడగాల్సిందే. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం పట్టుకున్న ఆడవాళ్లు సారా అంగట్లో వాటా అడగలేదు, అంగడే మూయమన్నారు. 1993లో సారాయి ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఈ రెండు కోరికల్నీ ఒకే సభలో పెట్టి చూడండి. ముందు వరుసలో కూర్చున్న మీ అమ్మ మొహం చూస్తా వాటా తీర్మానం చదవగలరా? నేను చదవలేను. షాపు కన్నా ముందు భూమి, బోరు, బ్యాంకు అప్పు అడుగుతా. మీరు ఒప్పుకోకపోతే వాదిద్దాం. అయితే వాదించేటప్పుడు "మీవాళ్లు తాగుబోతులు కదా" అని నవ్వేవాళ్ల పక్కన మాత్రం నిలబడొద్దు.

షాపులు ప్రైవేటుకు పోయిన రోజు మావాడి ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు బెంగళూరులో ఒక గోడౌన్‌లో పార్సిళ్లు సర్దుతున్నాడు. పాత ఊరి నుంచి ఇంకా ఫోన్లు వస్తాయంట. వణికే చెయ్యి పెద్దాయన కొత్త సీసా పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "అల్లుడా, ఇది తాగొచ్చునా?" అని అడుగుతాడు. నాకు తెలీదు మామా అని చెప్పి, తర్వాత ఐదు నిమిషాలు ఆయన ఆరోగ్యం గురించి, వాన గురించి మాట్లాడతాడంట.

జై భీమ్.