మాల వేసుకున్న మూడో రోజు

కార్తీకం వచ్చిందంటే మా ఓపీలో ఒక రకం ఫిట్స్ కేసులు పెరుగుతాయి. నల్లపంచె, మెడలో తులసిమాల, నాలుక పక్కన పళ్లు దిగిన గాటు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బస్తాలు మోసే హమాలీ ఒకాయన అలాగే వచ్చాడు. భార్య చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో స్కానింగులు, ఈఈజీ కాగితాలు, మూడేళ్లుగా మింగుతున్న ఫెనిటాయిన్ మాత్రల అట్టలు. రిపోర్టులన్నీ నార్మలే.

"నియమం యాడో తప్పినాడు సార్. అందుకే స్వామి ఇట్ల చూపిస్తాండాడు" అంది ఆమె.

చివరిసారి ఎప్పుడు తాగాడమ్మా అని అడిగాను.

"మాల ఏసుకునే ముందు దినం రాత్రి సార్. మళ్ల నలభై ఒక్క దినాలు ముట్టేది లేదు కదా అని శానా తాగినాడు."

అంతకుముందు ఫిట్స్ ఎప్పుడెప్పుడు వచ్చాయో చెప్పమన్నాను. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసినప్పుడు ఒకసారి. కామెర్లొచ్చి తాగుడు ఆపినప్పుడు ఇంకోసారి. ఇప్పుడు మాలలో. ఆయనకు మూర్ఛ జబ్బు లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే, మద్యానికి అలవాటుపడిన మెదడు అదుపు తప్పి, సాధారణంగా రెండు రోజుల్లోపే ఫిట్స్ వస్తాయి. కొందరికి మూడో రోజుకి మతి చలిస్తుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని బీడీ వెలిగించుకుంటారు. ఈ ఫిట్స్‌ను ఫెనిటాయిన్ ఆపదు. ఆపేవి లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు. డోసు రోజురోజుకీ తగ్గిస్తూ ఓ వారం ఇస్తే చాలు. వాటితోపాటు థయామిన్ ఇంజెక్షను, అదీ గ్లూకోజు ఎక్కించకముందే. థయామిన్ కరువైన ఒంట్లోకి వట్టి గ్లూకోజు పోతే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. వీటిలో ఖరీదైన మందు ఒక్కటీ లేదు.

ఆయన్ని అంతకుముందు చూసిన డాక్టర్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. తాగుడు సంగతి ఎత్తితే పేషెంటు నొచ్చుకుంటాడని మొహమాటం. అడిగాక ఏం చెయ్యాలో నేర్పినవాళ్లు లేరు. నా తరం ఎంబీబీఎస్‌లో సైకియాట్రీ అంటే హాజరు వేయించుకుని సినిమాకు పోయే పోస్టింగు. లివరు ఎలా గట్టిపడుతుందో పేజీలకు పేజీలు చదివాం. తాగేవాడితో ఎలా మాట్లాడాలో చదవలేదు.

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వాళ్లు ఇచ్చిన జాతీయ సర్వే నివేదిక ప్రకారం, మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్లు 180 మందికి ఒకరు. ఈ లోటు పూడ్చడానికి డబ్బే రాలేదంటే అబద్ధం. 2018లో మొదలైన మాదకద్రవ్యాల వాడకం తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళికలో శిక్షణ కూడా ఒక భాగం. 2020 ఆగస్టు 15న నషాముక్త్ భారత్ అభియాన్ 272 జిల్లాల్లో మొదలైంది. కానీ కింది స్థాయిలో నేను చూసిన శిక్షణ వేరు. నిధులు సంవత్సరాంతానికి దిగుతాయి, మార్చి ముగిసేలోపు ఖర్చయినట్టు ధ్రువపత్రం (యూసీ) పంపాలి. హోటల్ హాలు, ఫ్లెక్సీ, బ్యాగు, ప్యాడు, మధ్యాహ్నం బిర్యానీ, గ్రూపు ఫొటో. బిర్యానీ బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. శిక్షణ పొందిన పీహెచ్‌సీ డాక్టరు మరుసటి ఏడు పీజీ సీటొచ్చి వెళ్లిపోతాడు. నేర్చుకున్నదీ ఆయనతోనే పోతుంది.

శిక్షణ ఇంకోలానూ సాగొచ్చు. కర్నూలు జిల్లా ఆలూరు నుంచి బస్సెక్కితే గంట ప్రయాణంలో బళ్లారి. 1980ల్లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అక్కడే పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వైద్యం నేర్పించి, తర్వాత కూడా వెన్నంటి ఉండి చూసింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ ప్రయోగమే పునాది. ఇప్పుడు నిమ్హాన్స్ వ్యసన వైద్యాన్ని వీడియోలో నేర్పుతోంది. ఊళ్లో డాక్టరు తన కేసు చెబుతాడు, అటువైపు నిపుణులు చర్చిస్తారు, క్రమం తప్పకుండా అదే వరస. 2003లో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్ సి కోసం అమెరికాలోని న్యూ మెక్సికోలో మొదలుపెట్టిన ఎకో పద్ధతి ఇది. దీనికి హోటల్ హాలు అక్కర్లేదు. గ్రాంటు ఇచ్చేవాళ్లు మూడు రోజుల వర్క్‌షాపుకి పెట్టే డబ్బును ఏడాది పొడవునా సాగే ఇలాంటి చర్చలకు మళ్లిస్తే మేలన్నది నా అభిప్రాయం.

కర్నూలులో తుంగభద్ర దాటితే అలంపురం, పాలమూరు. శిక్షణ సమయానికి అందకపోతే ఏమవుతుందో అక్కడ చూశాం. 2015 సెప్టెంబరులో తెలంగాణ ఎక్సైజు వాళ్లు కల్తీ కల్లు మీద దాడులు చేశారు. ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఒక్కసారిగా ఆగింది. తాగేవాళ్లకు ఫిట్స్, పిచ్చి చూపులు, వింత చేష్టలు. వాళ్లను పంపిన రిఫరల్ చీటీలో 'కల్లు' అని రాసి ఉంటే వైద్యం తేలిక. 'మూర్ఛ' అనో 'హిస్టీరియా' అనో రాసి ఉంటే మళ్లీ మొదటి నుంచీ అడగాలి. దాడులు చేయబోయే ముందే ఆ జిల్లాల నర్సులకు రెండు పూటలు పాఠం చెప్పి ఉండాల్సింది.

నర్సులని ఊరికే అనలేదు. కడప జిల్లాలో ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం స్టాఫ్‌నర్సు తాగుడు కేసుల శిక్షణకు వెళ్లొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ పట్టిక అక్కడ చేతికిచ్చారు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టుకుంటుంది, కానీ చదివి వినిపించదు. ఆపరేషనుకు చేరినవాళ్ల దగ్గర మంచం పక్కన స్టూలేసుకుని, "అన్నా, పొద్దున లేస్తానే ఒక క్వార్టర్ పడకుంటే చేతులు వణుకుతాయా?" అంటుంది. తాగుతావా అని అడిగితే లేదనేవాళ్లు దీనికి నిజం చెబుతారు. జవాబును కేస్‌షీటు పైమూల ఎర్ర పెన్నుతో రాస్తుంది. తొడ ఎముక విరిగి చేరిన నాపరాయి పాలిష్ కార్మికుడొకరికి అలా మొదటి రాత్రే థయామిన్, లోరాజెపామ్ మొదలయ్యాయి. మూడో రాత్రి ఆయన చేతులు మంచానికి కట్టాల్సిన అవసరం రాలేదు.

ఇలాంటి శిక్షణకే గ్రాంటు అడుగుతూ మేం రాసిన ప్రతిపాదన ముసాయిదా ఆమెకు చూపించాను. ప్రయాణ ఖర్చులు, భోజనం, పుస్తకాలు, అధ్యాపకుల గౌరవ వేతనం వేసి ఉన్నాయి. చివరిదాకా చదివి, "అంతా బాగుంది సార్, మేము శిక్షణకు పోయిన దినాల్లో ఇక్కడ రాత్రి డ్యూటీ ఎవరు చేస్తారు?" అంది. గ్రాంటు ఫారంలో ఆ ఖర్చుకు గడి లేదు. 'ఇతరములు' కింద ఇద్దరు నర్సుల జీతం రాసి పంపించాం, కొట్టేస్తారో ఉంచుతారో చూడాలి.