బస్సెక్కేటోళ్లను ఎవరడిగిరి?

పక్కింటక్క నిన్ననే బెజవాడ నుంచి దిగింది. సత్యనారాయణపురంలో కూతురిల్లు. పొద్దున్నే చెనక్కాయల చాట గోడ మీద పెట్టి, వొలుస్తా అడిగింది: "ఏంమే, బీఆర్‌టీఎస్ రోడ్డంటే ఏంది? మా పిల్ల ఇంటి దగ్గరే ఉండాది. బస్సుల కోసరమే వేసినారంట. నాకైతే బస్సు కనపడకపాయె. మాపటేల నడిచేటోళ్లు, తినుబండారాల బండ్లు, అంతే."

చెప్పినా. రోడ్డు నడిమధ్యలో బస్సుకు సొంత దారి. కారు, ఆటో అందులోకి రాగూడదు. స్టాపు గూడా మధ్యలోనే, బస్సు మెట్టుకు సరిసమానంగా ఎత్తుంటాది. బ్రెజిల్‌లో కురిచీబా అనే ఊర్లో 1974లోనే మొదలుపెట్టినారు. మన దేశంలో 2005లో పట్టణాల కోసరం కేంద్రం పెట్టిన జెఎన్‌ఎన్‌యుఆర్‌ఎం పథకం వచ్చినాక, ఆంధ్రాలో విజయవాడకూ విశాఖకూ ఈ రోడ్లు మంజూరైనాయి.

"అట్లయితే బస్సులేవి?"

అదే కదా అసలు సంగతి. సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన జాగా దొరికింది, రోడ్డు పడింది. మధ్య దారిలో బస్సులు నిలకడగా తిరిగింది మాత్రం లేదు. జాగా సులభంగా దొరికితే ఎవరినీ బతిమాలాల్సిన పనుండదు. బతిమాలే పని లేకపోతే బస్సెక్కేటోళ్లను అడిగే పనీ ఉండదని నా అనుమానం.

విశాఖలో కథ ఇంకోరకం. పెందుర్తికొక దారి, సింహాచలానికొక దారి అనుకున్నారు. సింహాచలం దారిలో అడవివరం దిక్కు భూసేకరణ తెగక పని ఏండ్లకేండ్లు సాగింది. ఇండ్లు, అంగళ్లు పోయేటోళ్ల గోడు వినాల్సిందే, కాదన్ను. కానీ మీటింగు పెడితే వచ్చేది వాళ్లే. ఆ బస్సులో రోజూ పోయేటోళ్లు ఎందుకొస్తారు? ఆ పొద్దుకు కూలిలో ఉంటారు.

"ఢిల్లీలోనన్నా బాగుండాదా?" అనింది అక్క, ఆడ ఉండేటోళ్లకు అన్నీ ముందే దొరుకుతాయన్నట్టు.

ఢిల్లీలో 2008లో ఆరు కిలోమీటర్లకు కొంచెం తక్కువ వేసినారు. కార్లోళ్లు నిలబడి నిలబడి మండిపడిరి. కోర్టుకు పోయినారు. కోర్టు 2012లో బస్సుల పక్కే నిలబడింది. అయినా 2016లో పీకేసినారు. కారు ఒకటే గానీ దాని హారను గట్టిది. బస్సులో ఇరుక్కుని నిలబడినోళ్ల మాట ఎవరి చెవినా పడలా.

అహ్మదాబాదోళ్లు తెలివిగా చేసిరి. నమూనా స్టాపు ఒకటి ముందే కట్టి జనానికి చూపించినారు. 2009లో బస్సులు మొదలైనప్పుడు కొన్నాళ్లు టికెట్టు లేకుండా తిప్పినారు. ఎక్కి దిగితేనే గదా ముసలామెకు యాడ కాలు తడబడుతుందో తెలిసేది! కాగితం మీద గీతలు చూపించి "మీ అభిప్రాయం చెప్పండి" అంటే నువ్వేం చెప్తావు, నేనేం చెప్తాను?

మనకు దగ్గర్లో హుబ్బళ్లి–ధార్వాడ. గుంతకల్లులో రైలెక్కితే పోవచ్చు. ఆడి బస్సుల పేరు చిగరి, అంటే జింక. 2018లో మొదలైనాయి. దారి సొంతమైన చోట జింక మాదిరే పోతాయి. ధార్వాడ ఊర్లోకి వచ్చినాక అందరితో పాటు నెట్టుకోవాల్సిందే.

అక్క చేతులు ఆగినాయి. "స్టాపు నడిమధ్యలో అంటివే, నా మోకాళ్లతో సగం రోడ్డు దాటి ఎట్ల పోయేది? నెత్తిన మూట గూడా ఉంటే?"

లక్షలిచ్చి పిలిపించుకున్న కన్సల్టెంట్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ఈమెను ఎవరూ అడగలా!

మన అనంతపురానికి అట్లాంటి రోడ్డు వస్తుందని నేననుకోను. బస్సులు మాత్రం కిక్కిరిసి ఉండాయి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చినప్పటి నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. రేపు ఈ ఊర్లో స్టాపు మార్చాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా ఎవరినడగాలో నాకు బాగా తెలుసు. సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సు ఉంటుంది గదా! రాయదుర్గం, కళ్యాణదుర్గం దిక్కుల నుంచి అర్జీలు పట్టుకొని బస్సులోనే వస్తారు. పొద్దంతా లైన్లోనే. పెన్షనూ పట్టా పాసుబుక్కూ అడిగినాక, "యాడ దిగినావవ్వా, యాడికి నడిచినావు?" అని ఇంకొక మాట అడిగితే ఏం పోతుంది? పెద్దాసుపత్రి ఓపీ లైన్లో గూడా అడగొచ్చు. పెద్ద హాలు, మైకు, టీ, సమోసా అక్కర్లేదు.

"అదంతా సరే," అనింది అక్క. "మన వీధినే వెడల్పు చేస్తామని వస్తే?"

"ఈ గోడ పోతాది. టీడీఆర్ బాండిస్తారు."

"దుడ్డా?"

"దుడ్డు కాదు. ఇంకోచోట ఎక్కువ అంతస్తులు కట్టుకునే హక్కు. లేదంటే ఎవరికన్నా అమ్ముకోవచ్చు."

"ఇంకోచోట జాగా ఉంటే ఈడెందుకుంటిమి!" చాట తీసుకొని లేచింది. రెండడుగులేసి మళ్లీ తిరిగింది. "మీటింగు పెడితే చెప్పుమే, నేనూ వస్తా. పదకొండుకు మాత్రం వద్దను, కొళాయికి నీళ్లొచ్చే పొద్దు."