నందిగామకు వచ్చిన నీలగిరి పూవు

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు మార్గమున, కీసరకడ మున్నేరు దాటిన పిమ్మట నందిగామయు, దాని కావల జగ్గయ్యపేటయు వచ్చును. కృష్ణాజిల్లా మెట్టసీమ యని పేరొందిన యీ ప్రాంతము 2022 సంవత్సరమునుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది. మా కాపురము నందిగామలో.

రెండేండ్లక్రిందట మా అత్తగారితో ఉదకమండలము పోయితిమి. ఆమె కొండలసీమ జూచుట యదియే మొదలు. అచట ఇండ్ల ముంగిళ్లయందు హైడ్రేంజియా గుత్తులు నీలపు బంతులవలె నుండెను. ఆమె ముచ్చటపడగా నొక మొక్కను కొని తెచ్చి, పెద్ద సిమెంటు తొట్టిలో నాటి, రెండుపూటల బోరునీరు పోసితిమి. కొన్ని మాసములకు ఈనెలు మాత్రమే ఆకుపచ్చగ మిగిలి, ఆకులు పసుపువన్నెకు తిరిగెను. మరుసటి గుత్తి గులాబిరంగున పూచెను. అత్తగారి కిప్పుడు కాళ్లనొప్పులు, దూరప్రయాణము చేయలేరు. “కొండే మనింటికి వచ్చిందనుకున్నానమ్మా, ఇదీ పోతుందా?” యని యామె యడుగగా మాకు మాటరాలేదు.

జగ్గయ్యపేటలో మా పెత్తల్లి మొక్కల పెంపకమున నేర్పరి. ఆమెను చూడబోయితిమి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర వెలయించిన పట్టణమిది. 1882లో బర్జెస్ దొర పరిశోధించిన ధనంబోడు స్తూపపు ఫలకములు సున్నపురాతివే. చక్రవర్తి చేయెత్తగా మబ్బులనుండి నాణెములు కురియు శిల్పము వానిలోనిదే. నేడు ఈ చుట్టుపట్లనున్న సిమెంటు కర్మాగారములకును సున్నపురాయియే యాధారము.

మా మొర విని పెత్తల్లి నవ్వి, “అమ్మాయీ, మన రాయి సున్నం, నీళ్లు సున్నం, పైగా తొట్టీ సిమెంటే! అదేం తిని బతుకుతుందే?” యనెను.

నీలగిరుల మన్ను ఆమ్లగుణము కలది. అట్టి మట్టిలో అల్యూమినియము కరగి వేళ్ల కందుటచే పూవు నీలమగును. సున్నము హెచ్చిన చోట నది యందక గులాబిరంగు వచ్చును. ఇనుము నందక ఆకు పాలిపోవును. తెల్లపూల రకములు మాత్ర మిట్లు నీలముగ మారవు.

ఆమె చెప్పినట్లు మొక్కను అడుగున చిల్లులుగల మట్టికుండీకి మార్చితిమి. ఆకుకుళ్లెరువు, చివికిన పశువుల యెరువు, కొబ్బరిపీచుపొడి, కొంచెము ఎఱ్ఱమన్ను కలిపి నింపితిమి. మిద్దెపై పడిన వాననీటిని మూతగల పీపాలలో నిలువజేసి దానికే యుంచితిమి. ఉదయపు టెండ తగిలి, మధ్యాహ్నము నీడయుండు వసారాలో నుంచితిమి. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన యెండ దానికి గిట్టదు. మన్ను వ్రేలితో తాకి, పైపొర ఆరినపుడే నీరు పోయవలెను. నీరు నిలిచిన వేరు కుళ్లును. నీలము కోరువారు మొగ్గకు ముందు, మాసమున కొకసారి, బిందెడు నీట చెంచాడు పటిక కరగించి పోయవచ్చును, హెచ్చయిన హానియే. పూత ముగిసిన వెంటనే వాడిన గుత్తులు తీయవలెను. ఆలస్యముగ కొమ్మలు కోసినచో మరుసటియేటి మొగ్గలు పోవును. ఆకులు విషము గనుక పసిపిల్లలకును మేకలకును అందనీయరాదు.

ఈ శ్రావణమున నొక్క గుత్తి పూచినది. పూర్తిగ నీలము కాదు, ఊదావన్నె. అత్తగారు కుర్చీ వసారాలోనికి వేయించుకొని చాలసేపు చూచి, “ఇది మన ఊరి రంగే, ఉండనీ” యనిరి. సోదరీమణులారా, పరాయిసీమనుండి మనయింటికి వచ్చినదానిని పుట్టినింటి రంగుననే యుండుమని నిర్బంధింపక, దాని కేమి కావలెనో తెలిసికొని యమర్చుటయే మన వంతు.